ఎవరూ ఫోను చేయని కంప్యూటరు

ఉద్యోగం అడగడానికి పోయిన రోజు మేనేజరు నా సర్టిఫికెట్లు తెరిచి కూడా చూడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "ఎవురోళ్ళప్పా నువ్వు?" అని అడిగాడు. మా ప్రాంతంలో ఆ ప్రశ్నకు ఇంటిపేరు చెబితే చాలదు. ఏ ఊరు, ఏ నాయకుడి వెనక తిరుగుతారు, ఎన్నికలప్పుడు ఏ జెండా మోస్తారు అని దాని అర్థం. మా నాయన ప్రొద్దుటూరులో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. రెండు పక్షాల వాళ్ళూ మా అంగట్లోనే దిండ్లు చేయించుకునేవాళ్ళు. ఆ మాటే చెప్పాను. మేనేజరు, "అయితే నువ్వు ఎవురికీ కానోనివి. మాకు అట్లాటోడే కావాల" అన్నాడు. అలా నేను సంఘంలో కంప్యూటర్లకు పెద్దనయ్యాను. ఆ రోజు సంతోషపడ్డాను కూడా, అంత అమాయకుణ్ణి.

అది చీనీ, అరటి రైతుల సంఘం. కోస్తా వాళ్ళు బత్తాయి అంటారే, అదే మా చీనీ. పెద్దాఫీసు ప్రొద్దుటూరులో, చిన్నాఫీసులు జమ్మలమడుగులో, పులివెందులలో. ఫ్యాక్షన్ ముదిరిన రోజుల్లో మా వైపు మనుషుల మీద పగ చెట్ల మీద కూడా తీర్చుకునేవాళ్ళు. కాపుకొచ్చిన చీనీతోట తెల్లారి చూస్తే మొదళ్ళతో మిగిలేది. నేను చేరేనాటికి కొడవళ్ళు, నాటుబాంబులు చాలావరకు తగ్గాయి. పగ మాత్రం ఎక్కడికీ పోలేదు, పార్టీ కండువా కప్పుకుని ఆఫీసుల్లోకి వచ్చి కూర్చుంది. సంఘంలో అధ్యక్షుడిది ఒక పార్టీ, ఉపాధ్యక్షుడిది ఇంకో పార్టీ. గుమాస్తా మొదలు అటెండరు దాకా ప్రతి ఒక్కరూ ఆ ఇద్దరిలో ఎవరో ఒకరి మనిషి.

నా పని చెప్పుకోవడానికి చిన్నదే. ప్రొద్దుటూరు ఆఫీసులో ఒక సర్వర్ ఉండేది. మూడు ఊళ్ళ కంప్యూటర్లూ, వాటి మీద పనిచేసే మనుషుల పేర్లూ అందులో నమోదై ఉండేవి. పాస్‌వర్డు ఎన్నాళ్ళకు మార్చుకోవాలి, ఏ ప్రోగ్రాము తెరుచుకోవాలి, ఏది కూడదు, పెన్‌డ్రైవు పనిచేయాలా వద్దా, ఇలాంటివన్నీ నేను ఆ సర్వర్‌లో ఒక్కసారి రాసిపెడితే చాలు. పొద్దున ఏ ఊళ్ళో ఎవరు కంప్యూటర్ వేసినా అది ముందు ప్రొద్దుటూరును అడిగి, అక్కడి రూళ్ళు తెలుసుకుని, ఆ తరువాతే తెరుచుకుంటుంది. దీన్ని పాలసీ అంటారు. ఊరూరూ బస్సెక్కి తిరిగే పని లేకుండా, ఉన్నచోట కూర్చుని అందరికీ ఒకే రూలు నడిపించవచ్చు. పుస్తకంలో చదివినప్పుడు నాకు నచ్చింది అదే. ఆ పుస్తకం రాసినవాడు మా కడప జిల్లాలో ఒక్క నెల ఉద్యోగం చేసి ఉంటే ఇంకోలా రాసేవాడు.

మొదటి తగాదా తెర మీది బొమ్మతో వచ్చింది. జమ్మలమడుగు ఆఫీసులో ఒక బల్ల మీద కంప్యూటర్ తెరిస్తే అధ్యక్షుడు నమస్కారం పెడుతూ కనిపించేవాడు, ఎదురు బల్ల మీద ఉపాధ్యక్షుడు చెయ్యి ఊపుతూ ఉండేవాడు. ఒకరు టీకి లేచినప్పుడు ఇంకొకరు బొమ్మ మార్చేశారని మాటామాటా పెరిగి చొక్కాలు పట్టుకున్నారు. మేనేజరు నన్ను పిలిచి, "అన్నిటికీ ఒకటే బొమ్మ పెట్టప్పా, ఎవురూ మార్చనీకుండా" అన్నాడు. సంఘం చీనీ రైతులదే కదా అని పండిన చీనీకాయ బొమ్మ పెట్టాను. మధ్యాహ్నానికల్లా ఫోను వచ్చింది, ఆ రంగు ఫలానా పార్టీదట, తీసేయాలట. ఆకులతో ఉన్న పచ్చికాయ పెట్టాను. ఆ రంగు ఇంకో పార్టీ జెండాలో ఉందట. చివరికి ఏ పార్టీకీ అక్కరలేని బూడిద రంగు నింపేశాను. "ఏందప్పా ఇది, సచ్చినోళ్ళ ఇల్లు మాదిరి ఉండాది" అని జమ్మలమడుగు గుమాస్తా ఫోనులో విసుక్కున్నాడు. విసుక్కున్నా ఇరుపక్షాల వాళ్ళూ దానికి అలవాటు పడ్డారు.

పెన్‌డ్రైవు రూలు అలాంటిది కాదు, దాని మీద ఒక మనిషి ఉద్యోగం ఆధారపడి ఉంది. నేను చేరకముందు పులివెందుల ఆఫీసులో ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవుతో వైరస్ వచ్చి, డ్రిప్పు పైపుల కోసం రైతులు పెట్టుకున్న అర్జీలన్నీ పోయాయట. ఆ ఏడాది పైపులు రాక చాలామంది తోటలు ఎండగట్టుకున్నారు. పెన్‌డ్రైవు తెచ్చినవాడికి ఏమీ కాలేదు. అర్జీలు టైపు చేసే కాంట్రాక్టు ఆపరేటరును తీసేశారు, అతని తరఫున మాట్లాడేవాళ్ళు లేరు గనుక. ఆ కుర్చీలోకి లింగాల దగ్గరి పల్లె నుంచి ఒకమ్మాయి వచ్చింది. గొర్రెలు మేపుకునే ఇల్లు. బోరు అడుగంటి, ఉన్న కాసిని చీనీచెట్లూ ఎండిపోతే వాళ్ళే కొట్టేసుకున్నారు. ఆ ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషి ఆమె. ఏటేటా కాంట్రాక్టు తిరగరాస్తేనే ఆ జీతం ఉంటుంది, లేకపోతే మళ్ళీ మంద వెంట పోవలసిందే.

ఆమె కంప్యూటర్ సిద్ధం చేయడానికి పులివెందుల పోయాను. నేను పని చేస్తున్నంతసేపూ పక్కనే నిలబడి చూసి, చివరికి అడిగింది.

"అన్నా, ముందు ఈడ పనిచేసిన అన్నను వైరస్ వచ్చిందనే తీసేసినారంట కదా?"

"అవునమ్మా."

"అట్లయితే నా సిస్టంలోకి ఏదీ రాకుండా గట్టిగా మూసిపెట్టన్నా. నాకు పాటలొద్దు, బొమ్మలొద్దు. అర్జీలు కొట్టుకుంటే చాలు."

నా ఉద్యోగ జీవితంలో కంప్యూటర్ తెరవమని అడిగినవాళ్ళే గానీ మూయమని అడిగిన మనిషి ఆమె తప్ప ఇంకొకరు లేరు. ప్రొద్దుటూరు వచ్చి ఆ రూలు ఆమె ఒక్కదానికి కాకుండా మూడు ఆఫీసులకూ రాశాను. పెన్‌డ్రైవు పనిచేయదు, తెలియని ప్రోగ్రాము తెరుచుకోదు. ఆఫీసులో ఎక్కడ వైరస్ వచ్చినా దెబ్బ తగిలేది ఆమెకేనని నాకు బాగా తెలుసు.

కానీ నేను ఫ్లెక్సీలను మరిచిపోయాను. మా ఊళ్ళలో నాయకుడి పుట్టినరోజుకు ఫ్లెక్సీ, పదవి వస్తే ఫ్లెక్సీ, బెయిలు వస్తే ఫ్లెక్సీ. నడుమ నాయకుడి మొహం బండిచక్రమంత ఉంటుంది, కింద వరుసల్లో అనుచరుల ఫోటోలు స్టాంపు బిళ్ళలంత ఉంటాయి. ఎవరి ఫోటో పై వరుసలో పడింది, ఎవరిది పడలేదు అన్నదాని మీద స్నేహాలు తెగిపోతాయి, పార్టీలు మారిపోతాయి. పులివెందుల ఆఫీసులో అధ్యక్షుడి మేనల్లుడు సూపర్‌వైజరుగా ఉండేవాడు. అతను సూపర్‌వైజు చేసింది ఈ ఫ్లెక్సీలనే. ఆఫీసు కంప్యూటర్‌లో ఫోటోలు అతికించడం, పెన్‌డ్రైవులో వేసుకుని ప్రొద్దుటూరు ఫ్లెక్సీ అంగడికి పోవడం, ఫోటో పడనివాడు అలిగితే మళ్ళీ తెచ్చి సరిచేయడం. జిల్లాలో పుట్టిన వైరస్ ప్రతిదీ ఒకసారైనా ఆ అంగట్లో బస చేసే పోయేది. ఆ సంగతి చెబితే వినేవాడు లేడు.

రూలు అమలైన పొద్దుననే అతను ఫోను చేశాడు.

"ఏందప్పా, పెన్‌డ్రైవు పెడితే గమ్మునుండాది?"

"అందరికీ మూసేశామన్నా. వైరస్ వస్తే అర్జీలు పోతాయి, ఆపరేటరమ్మాయి ఉద్యోగం పోతుంది."

"రూళ్ళు వాళ్ళకు పెట్టుకో. ఎల్లుండి మామ పుట్టినరోజు. మనోళ్ళ ఫోటోలు యాడ నుంచి ఎక్కించేది నేను?"

కుదరదన్నాను. టీ తాగి వచ్చేలోగా మేనేజరు నా బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. "అతనొక్కనికి తియ్యప్పా. ఎందుకొచ్చిన గొడవ." ఏ రూలైనా సరే, ఒక మనిషికో ఒక కంప్యూటర్‌కో వర్తించకుండా పేరు చెప్పి తప్పించే వీలు పాలసీలో ఉంటుంది. ఆ వీలు పెట్టినవాణ్ణి నేను తిట్టుకోని రోజు లేదు. కాగితం మీద రాసివ్వండి సార్ అన్నాను. "ఫోన్లో అయిపోయే పనికి కాగితమెందుకప్పా" అని నవ్వి పోయాడు. మేనల్లుడి కంప్యూటర్ పేరు తప్పించాను.

సర్వర్‌లో నేను రాసిన రూలు పులివెందుల చేరడానికి పూట పట్టేది. రూలు నుంచి ఒకణ్ణి తప్పించానన్న కబురు మాత్రం జమ్మలమడుగుకు అప్పుడే చేరిపోయింది. అక్కడి గుమాస్తా ఉపాధ్యక్షుడి మనిషి. "అధ్యక్షుని మేనల్లునికి తీసినావంట. మా నాయకునికి పుట్టినరోజులు రావా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగానే ఉపాధ్యక్షుడు మేనేజరుకు ఫోను చేశాడు, మేనేజరు నా దగ్గరికి వచ్చాడు, "అతనొక్కనికి" అన్నాడు. ఆ తరువాత నుంచి అందరూ అతనొక్కరే. ఎవరూ రూలు తీసేయమని అనలేదు, అది నాకు ఇంకా మంట. రూలు మంచిదే అనేవాళ్ళు, అందరికీ ఉండాల్సిందే అనేవాళ్ళు, మా వాడికి మాత్రం వద్దనేవాళ్ళు. ఎన్నికలు వచ్చి ప్రభుత్వం మారింది. పాత పార్టీ వాళ్ళకు తీసిన పేర్లు మళ్ళీ చేర్చే ధైర్యం మేనేజరుకు లేదు, కొత్త పార్టీ వాళ్ళకు తీయకుండా ఉండే ధైర్యమూ లేదు. కండువా మార్చినవాళ్ళు కొందరు రెండు పార్టీల తరఫునా ఫోను చేయించుకున్నారు. నేను సర్వర్ ముందు కూర్చుని పేర్లు తప్పిస్తూ పళ్ళు నూరుకునేవాణ్ణి. చివరికి చూస్తే ఆ రూలు రెండే కంప్యూటర్ల మీద మిగిలింది, ఒకటి పులివెందులలో ఆ అమ్మాయిది, రెండోది నాది. ఆమె కోసం ఫోను చేసేవాళ్ళు లేరు. నా దాని మీది రూలు నేను మొండికి తీసేసుకోలేదు.

అప్పుడప్పుడు ఆ అమ్మాయి ఫోను చేసి కనుక్కునేది. "అన్నా, నాది తెరిచిపెట్టలేదు కదా?" లేదమ్మా అంటే, "తెరవొద్దన్నా, అర్జీల గడువు దగ్గరికొస్తాంది" అని పెట్టేసేది. మిగతా ఆఫీసు అంతా తెరిచే ఉందని ఆమెకు తెలుసు. అందుకేనేమో, అందరూ వాడుకునే ఫోల్డరులో అర్జీలు పెట్టిన తరువాత కూడా, సాయంత్రం బస్సుకు పోయేముందు వాటన్నిటినీ ఒకసారి తన కంప్యూటర్‌లోకి కాపీ చేసుకునేది.

ఎండలు ముదరక ముందు అర్జీలు పైకి పంపాలి. ఆ గడువు ముంగిట మా జిల్లాకు ఎవరో పెద్దనాయకుడు వస్తున్నాడని ఊళ్ళన్నీ ఫ్లెక్సీలతో నిండిపోయాయి. ఆ వారమే ఒక పొద్దున పులివెందుల నుంచి ఫోను, ఏ ఫైలూ తెరుచుకోవడం లేదని. తరువాత జమ్మలమడుగు. ఆ తరువాత నా వెనక గదిలోంచే కేకలు. నేను బస్సెక్కి, జమ్మలమడుగులో దిగి చూసి, ముద్దనూరు మీదుగా పులివెందుల పోయాను. దారిపొడవునా కూడళ్ళలో దండాలు పెట్టే మొహాలే. వాటిలో ఏదో ఒకదాని వెంటే వైరస్ వచ్చింది. రెండు పార్టీల వాళ్ళూ ఒకే అంగట్లో అచ్చు వేయిస్తారు గనుక అది ఏ పార్టీదని తేల్చడానికి కూడా లేదు. కిటికీ పక్కన కూర్చుని ఒక్కొక్కణ్ణీ తిట్టుకున్నాను.

పులివెందుల ఆఫీసులో అందరూ కుర్చీలు వదిలి నిలబడి ఉన్నారు. అందరి అర్జీలూ ఉన్న ఫోల్డరు పనికిరాకుండా పోయింది. ప్రొద్దుటూరుకు కాపీ చేరాల్సిన లైను ఎన్నాళ్ళ నుంచో సరిగా లేదు, దాని కోసం నేను పెట్టిన అర్జీలు ఇంకో కథ. "నీ సర్వరే చెడగొట్టింది" అన్నాడు మేనల్లుడు. అతనితో వాదించే ఓపిక లేక మూల బల్ల వైపు చూశాను. ఆ అమ్మాయి తలెత్తకుండా టైపు చేస్తోంది. తెర మీద అర్జీలన్నీ ఉన్నాయి.

"అన్నీ ఉండాయన్నా. నిన్నటి దాకా కొట్టినవి అన్నీ ఉండాయి" అంది, గొంతు పెద్దది చేయకుండా.

ఇద్దరం కూర్చుని ఆ కంప్యూటర్ నుంచే అర్జీలన్నీ గడువులోపల పంపించాం. వరండాలో కూర్చున్న రైతులకు ఆమే పోయి చెప్పి వచ్చింది. బయటికి వచ్చి అరటిపళ్ళు కొనుక్కుని తింటూ, ఇన్నాళ్ళకు నా రూలు ఒక మనిషిని కాపాడిందని పొంగిపోయాను. ఇక మేనేజరు నా మాట వినక తప్పదు, రూలు మళ్ళీ అందరి మీదా పెట్టవచ్చు, ఆమె కాంట్రాక్టుకు ఢోకా లేదు అనుకున్నాను.

ప్రొద్దుటూరు పోయి ఆ మాటే చెప్పాను. మేనేజరు అంతా విని, నేను కలలో కూడా అనుకోని ప్రశ్న వేశాడు.

"అది సరే. అన్నీ పోయినాయి కదా, ఆ పిల్లది ఒకటే ఎట్లా మిగిలింది?"

రూలు ఉంది గనుక మిగిలింది సార్ అన్నాను. మిగతావాటికి మనం తీసేశాం గనుక పోయాయన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అట్లా అని నువ్వంటాండావు. జనమంతా ఏమనుకుంటాండారో విన్నావా? మా ఊర్లో ఒకసారి వరసగా ఉండే చీనీతోటలన్నీ నరికేసినారు. నడుమ ఒక తోట మిగిలింది. ఆ తోటాయన ఎవురి జోలికీ పోయినోడు కాదు. అయినా నరికినోళ్ళను ఇడిసిపెట్టి అందురూ ఆయన్నే అడిగినారు, నీది యట్లా మిగిలిందని. ఊర్లో ఉండలేక పాయ."

"అది అన్యాయం కదా సార్."

"అన్యాయమే. ఎవురు కాదన్నారు? మిగిలినోడు జవాబు చెప్పాల, అంతే."

మూడు ఆఫీసుల్లోనూ అదే మాట నడుస్తోందని అప్పుడు తెలిసింది. అధ్యక్షుడి మనుషులు ఆమెను ఉపాధ్యక్షుడు పెట్టించాడన్నారు. ఉపాధ్యక్షుడి మనుషులు ఆమె అధ్యక్షుడి మనిషన్నారు. ఆమెకు ముందే తెలుసు కాబట్టే కాపీలు తీసి పెట్టుకుందని రెండువైపులా అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి జాగ్రత్తగా ఉంటే అది జాగ్రత్త కావచ్చునన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

పాలకవర్గం సమావేశానికి నన్ను పిలిపించారు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు ఎదురెదురుగా కూర్చున్నారు. రూలు గురించి చెప్పాను. అది అందరి మీదా ఉండేదని, ఒక్కొక్కరికీ ఫోను మీద తీయించారని చెప్పాను.

"ఎవురు తీయించినారు?" అన్నాడు అధ్యక్షుడు.

"మీరు తీయించారు సార్" అన్నాను. ఉపాధ్యక్షుడి వైపు తిరిగి, "మీరు కూడా."

మేనేజరు బల్ల మీద గీతలు చూస్తున్నాడు. ఉపాధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నేను ఫోను చేసినట్టు కాగితం ఏమన్నా ఉండాదా అప్పా?" అన్నాడు. లేదు. అధ్యక్షుడు ఆయన వైపు చూసి నవ్వాడు. ఆయనా నవ్వాడు. వాళ్ళిద్దరూ ఒకే మాటకు నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. "శానా అలిసిపోయినట్టుండాడు. మజ్జిగ ఇప్పించండి" అని అధ్యక్షుడు అటెండరును పిలిచాడు. నేను ఆ మజ్జిగ తాగలేదు. విచారణ ఏమీ వద్దని, మాటలు సద్దుమణగడానికి ఆ అమ్మాయి కాంట్రాక్టు తిరగరాయకుండా ఉంటే చాలని ఇద్దరూ ఒప్పుకున్నారట. నేను చేరినప్పటి నుంచి ఆ సంఘంలో ఒక్క అభ్యంతరం లేకుండా జరిగిన తీర్మానం అదే.

గుర్తింపు కార్డు తిరిగి ఇవ్వడానికి ఆమె ప్రొద్దుటూరు వచ్చింది. నేను సమావేశంలో జరిగింది చెప్పబోతే, "తెలుసన్నా, నువ్వు మాట్లాడినావంట" అంది. కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

"వైరస్ వస్తే తీసేస్తారనుకుంటి. రాకపోయినా తీసేస్తారని తెల్దన్నా."

ముందున్నవాణ్ణి అర్జీలు పోయినందుకు తీశారు, ఈమెను పోనందుకు తీశారు. నేను పాలసీ గురించి చదివిన పుస్తకాల్లో దీనికి ఎక్కడా జవాబు లేదు. ఆమే లేచి, లింగాల బస్సుకు టైమవుతోందని వెళ్ళిపోయింది.

పని మానిన మనిషి అకౌంటు అదే రోజు మూసేయాలన్నది సంఘం రూలు. మేనేజరు గుమ్మంలోంచి తొంగిచూసి గుర్తు చేసి పోయాడు. సర్వర్‌లో ఆమె పేరు తెరిచి పెట్టుకుని, దాని మీద చెయ్యి వేయకుండా కూర్చున్నాను. ప్రతి రూలుకూ ఎవరో ఒకరు అడ్డుపడి "అతనొక్కనికి తియ్యప్పా" అన్న ఆఫీసు ఇది. ఈమెకొక్కదానికి ఆపప్పా అని ఎవరైనా అంటారేమో చూద్దామని మొండిగా కూర్చున్నాను. ఆఫీసు మూసే వేళకు ఫోను మోగింది. ఎత్తాను. పులివెందుల నుంచి మేనల్లుడు.

"అప్పా, ఆ పిల్ల సిస్టం నా టేబులు మీదికి తెచ్చుకున్నా. పెన్‌డ్రైవు పెడితే గమ్మునుండాది. కొంచెం తియ్యి."